కంబన్న కూతవేటు

మైదుకూరు కంబన్నకు లోకంలో దూరమంటే ఒకటే దూరం. దాని పేరు కూతవేటు. పక్క వీధికి దారి అడిగినా కూతవేటే, పక్క జిల్లాకు అడిగినా కూతవేటే. మధ్యలో రెండు కొండలూ ఒక ఏరూ అడ్డమున్నా సరే, ఆయన కుడిచెయ్యి చాపి, చూపుడువేలు గాలిలో ఒకసారి ఆడించి, "ఈడనేప్పా, కూతవేటు!" అంటాడు. ఆ వేలును నమ్మి బయలుదేరిన మనిషి గట్టివాడైతే మాపటికి చేరతాడు. చేరాక మళ్ళీ జన్మలో కంబన్నను దారి అడగడు.

మామూలు మనుషులకు కూతవేటంటే ఒకడు కేకేస్తే ఇంకొకడికి వినబడేంత దూరం. కంబన్న లెక్కలో ఆ కేక వేసేది ఎవరో, వినేది ఎవరో, మధ్యలో అది ఎన్ని బస్సులు మారి వస్తుందో మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో ఎవరికీ తెలియదు.

ఈ రోగం పెళ్ళికి ముందునుంచే ఉందని ఆయన భార్య నాగలక్ష్మమ్మ సాక్ష్యం చెబుతుంది. ఆమె పుట్టిల్లు ఆదోని.

"పెండ్లిచూపులకొచ్చి మా నాయనతో ఏం చెప్పినాడో తెల్సా? మైదుకూరు మీకేం దూరమప్పా, కూతవేటు అన్న్యాడు. మా నాయన నమ్మె. పెండ్లయినాక నన్ను దిగబెట్టను పొద్దున బయల్దేరి, మూడు బస్సులు మారి, దీపాలు పెట్టే యాళకు ఈ ఊర్లో దిగె. దిగి ఏమనె? అల్లుడా, నీ గొంతు శానా పెద్దదప్పా అనె."

కంబన్న నేతగాళ్ళ ఇంటి మనిషి. అన్నదమ్ములు మగ్గాల మీద కుదురుగా కూర్చుంటే, ఈయన కాలు ఒకచోట నిలవదని, నేసిన నూలు చీరలు మూటగట్టి సైకిలు మీద ఊళ్ళకు పంపారు. ముప్పై ఏళ్ళు తిరిగాడు. కడప, కర్నూలు జిల్లాల కొండల్లో ఆయన సైకిలు చక్రం తిరగని కనుమ లేదు. ఊళ్ళను పేర్లతో కాదు, చీరలతో గుర్తుపెట్టుకుంటాడు. "ఎర్రంచు అడిగే ఊరు దాటినాక, నలుపు కట్టని ఊరొస్తాది. ఆడ ఎడమకు తిరిగితే ఏ చీర చూపిచ్చినా బాగలేదనే ఊరు" అని దారి చెబుతాడు. చివరికి ఆ బాగలేదనే ఊళ్ళ ఆడవాళ్ళు కూడా ఫోన్లో చీరలు తెప్పించుకోవడం మొదలుపెట్టాక మూట దిగింది గానీ, కాళ్ళు మాత్రం దిగలేదు. పాతిక కిలోల నల్ల సైకిలు, దాని వెనక చీరల మూట కోసం చేయించిన ఇనుప చట్రం, దాని మీద ఖాళీ. పని లేకపోయినా రోజూ పొద్దున ఏదో ఒక కొండవైపు పోయి వచ్చేవాడు.

ఈయన కడప కొండసింహాల చేతికి ఎలా చిక్కాడన్నది ఇంకో కథ.

కొండసింహాలంటే జంతువులు కావు. కడపలో ఆదివారం పూట సైకిళ్ళు తొక్కే పెద్దమనుషుల సంఘం. దానికి అధ్యక్షుడు వసంతకుమార్. నున్నగా పాలిష్ పట్టిన బేతంచెర్ల బండలు అమ్ముతాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క కొండా ఎక్కకముందే సింహం బొమ్మతో చొక్కాలు కుట్టించాడు. ఆయన సైకిలును చిటికెనవేలితో ఎత్తచ్చు. ఆయన్ను ఎత్తడానికే నలుగురు కావాలి. సంఘానికి లెక్కల మనిషి భూపేష్. ఇంట్లో కూర్చుని బెంగుళూరు కంపెనీకి పని చేస్తాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, కాలు ఎన్నిసార్లు తిరిగిందో, దారిలో ఎన్నిసార్లు దగ్గాడో అన్నీ చేతి గడియారంలో చూసి చెబుతాడు. కొండ ఎలా ఉందని అడిగితే మాత్రం, చూడలేదంటాడు.

సింహాల మొదటి యాత్ర బేతంచెర్ల వైపు. ఫోన్లో మ్యాపు "కుడికి తిరగండి" అన్నచోట కుడికీ, "నేరుగా వెళ్ళండి" అన్నచోట నేరుగానూ పోయి, తొమ్మిది సింహాలూ బారుగా ఒక నాపరాళ్ళ గుంతలోకి దిగాయి. మూడు వైపులా నిలువు రాయి. ఒళ్ళంతా అతుక్కుపోయిన గుడ్డలతో, నెత్తిన చిప్పలతో దిగిన జనాన్ని చూసి రాళ్ళు కొట్టేవాళ్ళు సుత్తులు ఆపారు. వాళ్ళలో ఒకడు వసంతకుమార్‌ను గుర్తుపట్టి, "ఏం సార్, బండల కోసం ఈసారి సైకిలు మీద వచ్చినారా?" అని అడిగాడు. ఆ వారమే సంఘం సమావేశమై, దారులు తెలిసిన మనిషి కావాలని తీర్మానించి, కంబన్నను పట్టుకుంది. ఆయనకు 'రూట్ డైరెక్టర్' అని పేరు పెట్టి, సింహం చొక్కా ఇచ్చింది. కంబన్న దాన్ని పైకి ఎగ్గట్టిన పంచె మీద తొడుక్కున్నాడు.

ఇక అక్కడినుంచి కూతవేటు సంఘానికి పట్టుకుంది.

"ఏమప్పా కంబన్నా, టిఫిన్ చేసే ఊరు ఇంకెంత దూరం?"

"ఈడనే సార్, కూతవేటు."

గంట తర్వాత వసంతకుమార్ మళ్ళీ అడిగాడు.

"ఇంకెంత?"

"వచ్చేసినట్టే సార్, కూతవేటు."

"గంట కిందట గూడా కూతవేటే అంటివి కదప్పా!"

"అది వేరే కూత సార్" అన్నాడు కంబన్న.

తిట్టడం దండగని భూపేష్ శాస్త్రీయంగా పోయాడు. నాలుగు ఆదివారాలు కంబన్న కూతవేటు అన్న ప్రతిచోటా మీట నొక్కి, ఊరు చేరాక మళ్ళీ నొక్కి, పట్టిక తయారుచేశాడు. చదును రోడ్డు మీద ఒక కంబన్న కూతవేటు ఆరున్నర కిలోమీటర్లు. ఎక్కుడైతే తొమ్మిది. దిగుడైతే ఎనిమిదిన్నర. ఎండ పడితే దానికి మూడు కలపాలి, ఎదురుగాలికి ఇంకో రెండు. ఈ కొలతకు 'కం.కూ.' అని పొట్టిపేరు పెట్టాడు. నెల తిరిగేసరికి సింహాలు కిలోమీటర్లు మరిచిపోయారు. "నిన్న మూడు కం.కూ. తొక్కినా, తొడలు పట్టేసినాయి" అని ఒకరు, "నాకు రెండు కం.కూ.కే ఆయాసం" అని ఒకరు. కంబన్నకు ఈ సంగతి తెలిసి, తన పేరు మీద కొలత ఉందని నాగలక్ష్మమ్మకు గర్వంగా చెప్పుకున్నాడు. "తూకం రాయి మీద పేరుంటే పరువు. అబద్ధం మీద ఉంటే ఏం లాభమప్పా" అందామె.

భూపేష్ దగ్గర ఇంకో పట్టిక కూడా ఉంది. కంబన్న వచ్చాక జరిగిన పదకొండు యాత్రల్లో ఎవరు ఎన్నో స్థానంలో చేరారన్నది అందులో ఉంటుంది. పదకొండింటిలోనూ చిట్టచివరి పేరు కంబన్నది. ఆ పైన ఉన్న పేరు స్వర్ణలతది.

స్వర్ణలత కడపలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెబుతుంది. నలభై ఆరేళ్ళు. షుగరు వచ్చిందని డాక్టరు నడవమంటే, నడక విసుగని సైకిలు కొనుక్కుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు నేరుగా కొండసింహాల్లో చేరింది. ఆమె జీవితంలో సగంలో ఆగినవి చాలా ఉన్నాయి. సగంలో ఆపిన పీహెచ్‌డీ, సగం నేర్చిన కారు డ్రైవింగు, సగం అల్లిన స్వెట్టరు. కడప ఎండకు స్వెట్టరు ఎందుకన్నది సగం అల్లాక తోచింది. ఇప్పుడు కొండలు కూడా ఆ వరుసలో చేరాయి. సంఘం వెనకే వచ్చే వ్యానుకు ఓబులేష్ డ్రైవరు. ఏ కనుమ ఎక్కినా సగం దారిలో ఆయన వ్యాను ఆమె పక్కకు వచ్చి ఆగేది. కిటికీ అద్దం దిగేది. "మ్యాడం, ఏసీ ఏసినా. రాండి" అనేవాడు. స్వర్ణలత ఎక్కేది. పదకొండు యాత్రల్లో కనుమ ఉన్నవి ఆరు. ఆరుసార్లూ ఎక్కింది, వ్యాను.

శివరాత్రి దాటాక వసంతకుమార్ కొత్త నిబంధన తెచ్చాడు. ఆయన దుకాణంలో ముక్కలైన బండలను విడిగా పేర్చినట్టే, సంఘంలోనూ ఏరివేత జరగాలట. ఇకనుంచి యాత్రలో వ్యాను ఎక్కినవాళ్ళను 'సింహాలు' వాట్సాప్ గ్రూపులోంచి తీసి, 'సింహాల శ్రేయోభిలాషులు' గ్రూపులో వేస్తారు. శ్రేయోభిలాషులు దారి పక్కన నిలబడి చప్పట్లు కొట్టచ్చు, అరటిపండ్లు అందించచ్చు. సైకిలు మాత్రం ఇంటిదగ్గర పెట్టి రావాలి.

"నిబంధన అందరికీ ఒకటే" అన్నాడు వసంతకుమార్, స్వర్ణలత ఒక్కదాన్నే చూస్తూ.

వచ్చే ఆదివారం గుర్రంగుండ్ల కనుమ. పేరు వినగానే గుర్రాలు కూడా వెనక్కి తిరిగే కనుమ. స్వర్ణలతకు ఆ వారం నిద్ర పట్టలేదు. తరగతిలో కప్ప బొమ్మ వేసి దాని కింద నత్త అని రాసింది. అరటిపండ్లు అందించే పని ఆమెకు నామోషీ కాదు. కానీ ఈసారి కూడా సగంలో ఆగితే, ఇక జీవితంలో ఏదీ కొత్తగా మొదలుపెట్టే మొహం తనకు ఉండదని ఆమెకు గట్టిగా అనిపించింది. ఆమెకున్న ధైర్యం ఒకటే. ఎంత నెమ్మదిగా తొక్కినా, తన వెనక ఇంకా నెమ్మదిగా తొక్కే కంబన్న ఒకడున్నాడు. మనిషికి తనకన్నా వెనకబడినవాడు ఇచ్చే ధైర్యం దేవుడు కూడా ఇవ్వలేడు.

ఆదివారం తెల్లవారి ఐదింటికి నాలుగు రోడ్ల కూడలిలో కంబన్న దారి చెప్పాడు. "కనుమ ఎక్కినాక కొండమీద రాతిస్తంభం ఉంటాది. ఆడ్నించి కూతవేటు పోతే దావ చీలుతాది. ఎడమకు తిరిగితే పైపల్లె. ఆడ మన సుంకమ్మ టిఫినుకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసిపెట్టింటాది. నేరుగా మాత్రం పోవాకండి సార్. నేరుగా పోతే దిగుడే దిగుడు. అడుగున ఎండిపోయిన చెరువుంటాది, ఆడికి రోడ్డే అయిపోతాది. ఫోన్లు గూడా పలకవు."

"స్తంభం దగ్గర్నించి ఎంత అంటివి?" భూపేష్ అడిగాడు.

"కూతవేటు. నిజ్జంగా కూతవేటు."

ఎనిమిది సింహాలూ పగలబడి నవ్వారు. భూపేష్ పట్టిక చూసి, దిగుడు కాబట్టి ఎనిమిదిన్నర కిలోమీటర్లని గడియారంలో గుర్తు పెట్టుకున్నాడు.

విషయమేమిటంటే, ఆ రాతిస్తంభం దగ్గర నిలబడి కేకేస్తే ఆ చీలిక దగ్గర నిజంగానే వినబడుతుంది. కంబన్న ముప్పై ఏళ్ళలో మొదటిసారి కూతవేటు దూరాన్ని కూతవేటు అన్నాడు. ఇలాంటి మనిషి నిజం చెప్పే రోజు చాటింపు వేయించుకొని రాదు కదా.

కనుమ మొదలయింది. సింహాలు మొదటి మలుపులోనే మాయమయ్యాయి. స్వర్ణలత ఒకటో కిలోమీటరు మర్యాదగా తొక్కింది. రెండోది పళ్ళు కరిచి తొక్కింది. మూడోదాంట్లో సైకిలుతో మాట్లాడడం మొదలుపెట్టింది. వెనక కంబన్న పంచె ఎగ్గట్టి నిదానంగా వస్తున్నాడు. ఆమె ఆగితే ఆయనకూ ఏదో ఒక అడ్డం వచ్చేది. ఒకసారి, "చైను పట్టేసింది మ్యాడమా, రోంతసేపు నిలబడదాం" అన్నాడు. ఇంకోసారి అరికాల్లో ముల్లు. ఇంకోసారి ఉన్నట్టుండి ఆయనకు ఒక రేగుచెట్టు మీద మనసైంది. ఆమె ఊపిరి కుదుటపడగానే చైను వదిలేది, ముల్లు దొరికేది, రేగుపండ్లు పుల్లనయ్యేవి. స్వర్ణలత పాపం ముసలాయన అనుకుంది.

నాలుగో కిలోమీటరు దగ్గర ఓబులేష్ వ్యాను పక్కకు వచ్చింది. అద్దం దిగింది. చల్లగాలి బయటికొచ్చి ఆమె చెంప నిమిరింది.

"మ్యాడం, ఏసీ ఏసినా."

స్వర్ణలత చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి ఆమె చెప్పకుండానే వెళ్ళింది. అలవాటైన చెయ్యి. పిడి పట్టుకుని ఆమె వెనక్కి తిరిగింది.

"కంబన్నా, ఒక్కసారి నిజం చెప్పు. ఇంకెన్ని కిలోమీటర్లు?"

"ఈడనే మ్యాడమా, కూత—"

"ఆ మాట ఎత్తినావంటే ఈ సైకిలు లోయలోకి తోసేస్తా!"

కంబన్న లోయలోకి ఒకసారి తొంగి చూశాడు.

"అంతకన్నా తక్కవే మ్యాడమా" అన్నాడు.

స్వర్ణలతకు అరికాలి మంట నెత్తికెక్కింది. మనిషన్నవాడు ఇంత నిబ్బరంగా అబద్ధం చెప్పచ్చా? ఈయన కూతవేటు ఏ మలుపులో ఉందో కళ్ళారా చూసి, అక్కడ ఈయన్ను నిలబెట్టి నాలుగు కడిగి, అప్పుడు వ్యాను ఎక్కుతానని ఒట్టు పెట్టుకుంది. పిడి వదిలేసి సైకిలెక్కింది. ఏమేం తిట్టాలో మలుపు మలుపుకూ పేర్చుకుంది. జంతుశాస్త్రం చదివిన మనిషి కాబట్టి ఆమెకు తిట్లకు కొదవ లేదు. ఐదో కిలోమీటరులో పురుగులతో మొదలుపెట్టింది. ఆరో కిలోమీటరుకు సరీసృపాలు అయిపోయాయి. ఏడో కిలోమీటరులో క్షీరదాల్లోకి వచ్చి, కంచరగాడిద దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. కోతి దగ్గరికి వచ్చేసరికి ముందుచక్రం తేలికైంది. ఎదురుగా రాతిస్తంభం ఉంది. దాని అవతల కొండ లేదు. ఆకాశమే ఉంది.

ఆమె సైకిలు దిగి స్తంభాన్ని పట్టుకుంది. కింద మైదుకూరు వైపు పొలాలు అరచేతిలో గీతల్లా కనిపిస్తున్నాయి. పేర్చుకున్న తిట్లన్నీ ఏమయ్యాయో తెలియదు. నవ్వొచ్చింది. ఆ వెంటనే కంట్లో నీళ్ళు కూడా వచ్చాయి. జీవితంలో ఒకటంటే ఒకటి చివరిదాకా చేసింది.

"చెప్పలే మ్యాడమా?" అన్నాడు కంబన్న వెనకనుంచి.

ఇద్దరూ చీలిక దగ్గర ఎడమకు తిరిగి పైపల్లె చేరారు. ముప్పై గడపల ఊరు. సుంకమ్మ ఇంటి అరుగు మీద పదకొండు ఇస్తరాకులు, గంపెడు ఉగ్గాని, చల్లారిపోతున్న మిరపకాయ బజ్జీలు ఉన్నాయి. తినేవాళ్ళు మాత్రం లేరు.

"ముందొచ్చినోళ్ళు యాడ పోయిరి సుంకమ్మా?" కంబన్న అడిగాడు.

"సింహం చొక్కాలోళ్ళా? గాలి మాదిరి నేరుగా దిగిపోయిరి కదన్నా. ఇట్ల రాండి, ఇట్ల రాండి అని నేను చేతులూపితి. వాళ్ళు గూడా నవ్వుకుంటా చేతులూపి పోయిరి."

కంబన్న ముఖంలో రంగు మారింది. నీళ్ళ క్యాన్లన్నీ వ్యానులో ఉన్నాయి. వ్యాను ఇప్పుడే ఊళ్ళోకి వస్తోంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. అడుగున చెట్టు నీడ కూడా లేదు. ఊరు దాటితే నిట్టనిలువు మిట్ట ఒకటుంది. దాని కొసన నిలబడితే ఎండిన చెరువు కనిపిస్తుంది. కంబన్న సైకిలెక్కి ఆ మిట్ట మీదికి తొక్కాడు.

స్వర్ణలత చేతిలో బజ్జీ అలాగే ఉండిపోయింది. పాతిక కిలోల సైకిలు. అరవై రెండేళ్ళ మనిషి. సీటు మీదినుంచి లేవకుండా, ఎక్కడా ఆగకుండా, పట్టేసే చైను పట్టకుండా, ముల్లు గుచ్చుకోకుండా, వసంతకుమార్ సైకిలు కూడా చూసి సిగ్గుపడేంత వేగంగా ఆయన కొండ కొసకు చేరిపోయాడు.

"ఈయనకు నెమ్మదిగా తప్ప తొక్కడం రాదు కదా!" అంది స్వర్ణలత, ఎవరితోనో తెలియకుండానే.

"కంబన్నకా?" సుంకమ్మ నోరు నొక్కుకుంది. "ఎవురు చెప్పిరమ్మా నీకు?"

ఇంతలో కొండ కొసనుంచి కేక వినబడింది. పెద్దగా అరవడం ఆ గొంతుకు ఒక్క మాటతోనే అలవాటు.

"కో...కలమ్మా కో...కలూ!"

అది కొండకు కొట్టుకుని, ఎదురు కొండకు తగిలి, మళ్ళీ ఇటు వచ్చింది. పైపల్లెలో తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. "కంబన్న వచ్చినాడంట! చీరలు వచ్చినాయంట!" అంటూ ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చారు. ఖాళీగా ఉన్న చట్రాన్ని దూరంనుంచే చూసి, "ఇన్నేండ్లకొచ్చి చేతులూపుకుంటా వచ్చినాడే!" అని ఒకామె తిట్టిపోసింది. ఇంకొకామె, ఫోన్లో తెప్పించుకున్న చీర ఒక్క ఉతుకుకే వెలిసిందని, అది కంబన్న తప్పేనని తేల్చింది.

సుంకమ్మ మాత్రం నవ్వుతూ స్వర్ణలత పక్కన కూర్చుంది.

"నేను ఈ ఊరికి కొత్తకోడలిగా వచ్చినప్పుడు రోడ్డు లేదమ్మా, కాలిదావే. కింద సంతకు పోయి, నెత్తిన మూటతో ఒంటిగా ఎక్కుతాంటి. ఈయప్ప సైకిలు నెట్టుకుంటా ఎనక వస్తాండె. ఇంకెంత దూరమన్నా అంటే కూతవేటమ్మా అనె. మలుపు తిరిగి నేను కనపడకపోతే, కోకలమ్మా కోకలు అని అరిచె. ఆ అడివిలో కోకలెవురికి అమ్మేది, కోతులకా? నేనుండాలేమ్మా, భయపడాక అని చెప్పేది అది."

"మరి ఊరు కూతవేటులో ఉందని ఎందుకు అబద్ధం చెప్పడం?"

"ఊరు కూతవేటులో ఉండాదని యాడ చెప్పినాడమ్మా? తాను ఉండాడని చెప్పినాడు."

 పదకొండు యాత్రల పట్టిక స్వర్ణలత కళ్ళముందు తిరిగింది. చివర్నుంచి రెండో పేరు తనది. ఆఖరున కంబన్నది. తనకన్నా వెనక ఒకడున్నాడని ఇన్నాళ్ళూ లోలోపల పొందిన సంతోషం ఆయన పనిగట్టుకొని ఇచ్చిందే. ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా ఏదో హాయి ఉంది.

కొండ కొసన కంబన్న ఇంకా అరుస్తూనే ఉన్నాడు. కాసేపటికి లోయ అడుగునుంచి సన్నగా జవాబు వచ్చింది. రోడ్డు మీద తిరుక్కుంటూ పోతే తొమ్మిది కిలోమీటర్లు. గాలిలో మాత్రం ఒక్క కేక దూరమే.

"కంబన్నా... యాడుండావప్పా..." అది వసంతకుమార్ గొంతు. దుకాణంలో బేరాలప్పుడు ఉండే గాంభీర్యం అందులో లేదు.

"నెత్తిమీదుండా సార్! ఆడనే నిలబడండి, కదలాకండి! వ్యాను వస్తాండాది!"

"నీళ్ళప్పా... ముందు నీళ్ళు..."

ఓబులేష్ వ్యాను దిగుడులోకి పరిగెత్తింది. గంట తర్వాత పైకి వచ్చింది. నెత్తిన ఎనిమిది సైకిళ్ళు, కడుపులో ఎనిమిది సింహాలు. తలుపు తీయగానే చల్లగాలితోపాటు వసంతకుమార్ దిగాడు. సింహం బొమ్మ చెమటకు తడిసి పిల్లిలా ముడుచుకుపోయింది. అరుగు మీద ఉగ్గాని తింటున్న స్వర్ణలతను చూశాడు. పక్కన నిలబెట్టిన ఆమె సైకిలును చూశాడు. తాను దిగిన వ్యాను తలుపును చూశాడు.  సుంకమ్మ ఆకు ముందు పెట్టి, "తిను నాయనా, అలిసిపోయుండావు" అంది.

భూపేష్ గడియారం వంక చూసుకుంటూ కంబన్న దగ్గరికి వచ్చాడు.

"స్తంభం కాడినుంచి కూతవేటు అంటివి కదన్నా! మేం ఎనిమిదిన్నర కిలోమీటర్లు పోయినాం."

"నిజ్జంగా కూతవేటు అని గూడా అంటి కదప్పా."

"నీ కూతవేటు ఎప్పుడు నిజమో ఎప్పుడు కాదో మాకెట్ల తెలుస్తాది?"

"ఎక్కేటప్పుడు అడిగితే ధైర్యానికి చెప్తా. తిరిగేటప్పుడు అడిగితే దావ చెప్తా. ఇంత చదివినావు, ఆమాత్రం తెలీదా?" అన్నాడు కంబన్న. భూపేష్ పట్టిక తెరిచి, అందులో ఇంకో గడి గీసి, ఏం రాయాలో తెలియక మూసేశాడు.

తిరుగుదారిలో స్వర్ణలత కంబన్న పక్కనే తొక్కింది.

"ఆ కనుమ అసలు ఎంత దూరమో నీకు తెలుసా?"

"ఏడు కిలోమీటర్ల రెండు ఫర్లాంగులు. నలభై మూడు మలుపులు. ముప్పై ఏండ్లు మూట నెట్టినోనికి తెలీదా మ్యాడమా?"

"మరి నాలుగో కిలోమీటరు కాడ అడిగితే ఆ లెక్క చెప్పచ్చు కదా?"

"చెప్పింటే ఎక్కుతాంటివా తల్లీ?"

కంబన్న ఆమెను మ్యాడమా అనకపోవడం అదే మొదటిసారి. 

మైదుకూరు దగ్గరికి రాగానే ఫోన్లు పలకడం మొదలుపెట్టాయి. నిబంధన నిబంధనే. భూపేష్ లెక్కల మనిషి, మొహమాటం ఎరగడు. వ్యానులో కూర్చునే ఒక్కొక్కరినీ సింహాల గ్రూపులోంచి తీసి శ్రేయోభిలాషుల్లో వేశాడు. అధ్యక్షుణ్ణి కూడా తీశాడు. ఆఖరున స్వర్ణలతను అడ్మిన్ చేసి, తనను తాను తీసేసుకున్నాడు. కంబన్న ఫోను మీటలది, దాంట్లో గ్రూపులు రావు. సాయంత్రానికి సింహాల గ్రూపులో మిగిలిన సింహం ఒక్కటే. అది ఆడసింహం.

మూడు రోజులు రెండు గ్రూపుల్లోనూ చప్పుడు లేదు. శ్రేయోభిలాషులు ఒకరి మంచి ఒకరు కోరుకుంటూ మౌనంగా ఉన్నారు. వసంతకుమార్ దుకాణంలో బండలు కూడా దిగాలుగా ఉన్నాయని పనివాళ్ళు చెప్పుకున్నారు. స్వర్ణలత ఆ మూడు రోజులూ హాయిగా అనుభవించింది. అనుభవించలేదంటే అబద్ధం. నాలుగో రోజు కాలేజీనుంచి వచ్చి, కాఫీ తాగి, ఎనిమిది మందినీ మళ్ళీ సింహాల్లో చేర్చింది. చేర్చి ఇలా రాసింది.

"ఆదివారం ఐదింటికి నాలుగు రోడ్ల కాడ కలుద్దాం. వ్యాను నీళ్ళకోసం వస్తుంది, ఎవరైనా ఎక్కచ్చు, తప్పు లేదు. ఎంత నిదానంగా తొక్కినా పర్వాలేదు. ఆఖరున నేనూ కంబన్నా ఉంటాం."

మొదట బొటనవేలు ఎత్తినవాడు వసంతకుమార్.